వ్రతంగా పేదరికం, రాతగా పేదరికం: సీమ క్రైస్తవం వెనుక కథ

కర్నూలు, కడప, అనంతపురం ప్రాంతాలలో సంఘం ఆస్తుల గురించీ కొత్త చర్చిల ఆర్భాటం గురించీ వాదన వచ్చినప్పుడల్లా నిరాడంబరత అనే మాట వినబడుతుంది. ఆ మాట పుట్టింది కలిగినవాళ్ల ఇళ్లలో. అస్సీసి ఫ్రాన్సిస్ బట్టల వ్యాపారి కొడుకు. తండ్రి సొమ్మును కాదనుకుని బీదరికాన్ని వ్రతంగా పట్టాడు. వదులుకోవడానికి ఏదైనా ఉన్నవాడికే అది సాధ్యం. ప్రొటెస్టెంట్ ప్రచారక సంస్థ లండన్ మిషను 1822లో కడపకు చేరిన తరువాత, 1876-78 నాటి ధాత కరువుకు ముందూ వెనుకా సంఘాలలో చేరిన మాల, మాదిగ కుటుంబాలకు పేదరికం రాత మాత్రమే. ఒంటిపూట సంగటితో రోజు గడిపే మనిషికి మితాహారం గురించి ప్రసంగించడం ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. మత్తయి సువార్త ఆత్మలో దీనులైనవారిని ధన్యులంటే, లూకా సువార్త నేరుగా బీదలనే అంటుంది. ఈ సీమకు లూకా మాటే దగ్గరని నాకనిపిస్తుంది.

ఈ తేడాను కతోలిక సంఘం గట్టిగా పట్టించుకున్నది ప్రపంచంలోని కతోలిక పెద్దలంతా కూర్చున్న రెండవ వాటికన్ మహాసభ కాలంలోనే. సభ ముగింపుకు వస్తున్న 1965 నవంబరు 16న సుమారు 40 మంది మేత్రాణులు (బిషప్పులు) రోమ్ నగరంలోని ఒక భూగర్భ సమాధి స్థలంలో కలిసి, తమ చుట్టుపక్కల ప్రజలు బతికినట్టే బతుకుతామనీ, ఆస్తులూ బ్యాంకు ఖాతాలూ సొంత పేరున ఉంచుకోమనీ, గొప్ప బిరుదులతో పిలిపించుకోమనీ ప్రతిజ్ఞ చేశారు. ఆ ప్రతిజ్ఞ తరువాత రెండేళ్లకు, 1967లో, కర్నూలు మేత్రాసనం (బిషప్పు పాలించే ప్రాంతం) ఏర్పడింది.

మరో రెండేళ్లకు అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ కథలో ఆ రెండు పేదరికాలూ ఎదురుపడ్డాయి. స్పెయిన్‌కు చెందిన ఈ యేసుసభ (జెస్యూట్) గురువు మహారాష్ట్రలోని మన్మాడ్ దగ్గర రైతులను కూడగట్టి బావులు తవ్వించారు; 1968లో ఆయన దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది, 1969లో తిరిగివచ్చి ఈ కరువు జిల్లాను ఎంచుకున్నారు. విచిత్రమేమంటే, పేదరిక వ్రతం పట్టిన సభను 1970లో విడిచి, పెళ్లి చేసుకున్నాకే ఆయన పని ఇక్కడ వేళ్లూనింది. ఆయన సంస్థ కట్టించిన ఇళ్లు ఆడవాళ్ల పేరున రాశారు. సెంటు నేల కూడా లేని కుటుంబంలో ఇంటి పట్టా మీద భార్య పేరు ఉండటం అంటే ఏమిటో ఆ ఊళ్లలోని మగవాళ్లకు బాగా తెలుసు. 2009లో కన్నుమూసిన ఆయన సమాధి బత్తలపల్లిలో ఉంది.

అయితే పేదల పక్షాన నిలవడమంటే బయటివాళ్ల దాతృత్వమే కాదు. రెడ్డి క్రైస్తవులూ దళిత క్రైస్తవులూ ఒకే బలిపీఠం ముందు మోకరించే ఈ ప్రాంతంలో పదవుల లెక్క ఎప్పుడూ సున్నితమే. 2008 నుంచి కర్నూలు మేత్రాణులుగా ఉన్న పూల ఆంథోనీ 2020లో హైదరాబాద్ అగ్రపీఠానికి (ఆర్చిబిషప్పు స్థానానికి) వెళ్లి, 2022లో దళితులలో తొలి కార్డినల్ (పోపును ఎన్నుకునే పెద్దలలో ఒకరు) అయ్యారు. షెడ్యూల్డ్ కులాలను నిర్ణయించే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మాత్రం క్రైస్తవుల విషయంలో మారలేదు. దాని ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడు షెడ్యూల్డ్ కులాల జాబితాలోకి రాడు. ఆంధ్రప్రదేశ్‌లో అతని పిల్లల కుల ధ్రువపత్రం మీద బీసీ-సి (వెనుకబడిన తరగతులలో సి వర్గం) అని రాస్తారు.