భీముడికి షుగర్ వచ్చిందన్న మనవలకు

సుధకూ, కిట్టుకూ తాతయ్య దీవెనలు.

మీ పిల్లి భీముడు పుట్టి బుద్ధెరిగాక మిఠాయి ముట్టలేదు కదా, వాడికి షుగర్ ఎలా వచ్చిందని కిట్టు అడిగాడు. మంచి ప్రశ్నే. పిల్లులకు అసలు తీపి రుచే తెలియదు. నాలుక మీద తీపిని గుర్తించడానికి కావలసిన జన్యువు వాటిలో పనిచేయదు. పులికీ అంతే. కాబట్టి ఇందులో మిఠాయి తప్పేమీ లేదు. నా షుగర్‌కి కూడా మిఠాయి ఒక్కటే కారణం కాదని నేనంటాను గానీ, ఆ వాదన మీ అమ్మమ్మ ముందు నిలబడదు.

జరిగింది ఇదీ. తిన్న తిండిలోంచి గ్లూకోజ్ రక్తంలోకి వస్తుంది. అది ఒంట్లోని కణాల్లోకి వెళ్తేనే బలం. దాన్ని లోపలికి రానివ్వమని కణాలకు చెప్పేది క్లోమం తయారుచేసే ఇన్సులిన్. పిల్లి బాగా లావెక్కినప్పుడు, తలుపు తట్టేవాడు ఎంత తట్టినా లోపలివాళ్ళకి వినపడనట్టు, ఇన్సులిన్ మాట కణాలు పట్టించుకోవు. క్లోమం ఇంకా ఇంకా ఇన్సులిన్ చేసి చేసి చివరికి అలసిపోతుంది. నడివయసు దాటిన, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన, ఇంట్లోనే పడుకుని బొజ్జ పెంచిన మగపిల్లులకు ఇది ఎక్కువగా వస్తుంది. భీముడి పేరు, వయసు, బొజ్జ అన్నీ సరిపోయాయి. కొన్ని పిల్లులకు వేరే జబ్బు కోసం ఎక్కువ కాలం స్టెరాయిడ్లు వాడటం వల్ల కూడా వస్తుంది.

100 మిల్లీలీటర్ల రక్తంలో చక్కెర ఇంచుమించు 250 నుంచి 300 మిల్లీగ్రాములు దాటితే మూత్రపిండాలు దాన్ని ఆపలేవు. అది మూత్రంలోకి జారిపోతుంది, పోతూ పోతూ నీళ్ళని కూడా లాక్కుపోతుంది. అందుకే వాడు గిన్నెలు గిన్నెలు నీళ్ళు తాగాడు, ఇసుక పెట్టె అంతా తడిపాడు. తిన్నది ఒంటికి పట్టక చిక్కిపోయాడు. వెనక కాళ్ళ మడమలు నేలకి ఆనించి నడుస్తున్నాడని సుధ రాసింది చూడండి, అది ముసలితనం కాదు. చక్కెర ఎక్కువై కాళ్ళలోని నరాలు దెబ్బతినడం వల్ల వచ్చింది. చక్కెర అదుపులోకి వస్తే చాలా పిల్లుల్లో అది మెల్లగా బాగవుతుంది, కాకపోతే నెలలు పట్టొచ్చు.

డాక్టరుగారు ఫ్రక్టోసమీన్ అని ఇంకో రక్తపరీక్ష ఎందుకు రాశారో కూడా చెప్తాను. భయపడిన పిల్లికి షుగర్ లేకపోయినా రక్తంలో చక్కెర ఎగబాకుతుంది. బుట్టలో పెట్టి, కారెక్కించి, కుక్కల మధ్య కూర్చోబెడితే ఏ పిల్లికైనా టెన్షనే. ఆ ఒక్క నిమిషం లెక్కని నమ్మకుండా, అంతకు ముందు ఒకటి రెండు వారాల సగటు ఎలా ఉందో ఈ పరీక్ష చెబుతుంది.

ఇక ఇన్సులిన్. మీరిద్దరూ సూదిని చూసి భయపడుతున్నారు. నేను భయపడేది వేరే దానికి. చక్కెర ఎక్కువగా ఉంటే నష్టం రోజుల మీద, వారాల మీద జరుగుతుంది. చక్కెర బాగా పడిపోతే గంటల్లోనే, ఒక్కోసారి నిమిషాల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ఈ జబ్బులో ఏ సందేహం వచ్చినా తక్కువ వైపే మొగ్గాలి. ఒక పూట ఇంజెక్షన్ మర్చిపోయారా, తర్వాతి పూట మామూలు డోసే ఇవ్వాలి, రెట్టింపు కాదు. సూది గుచ్చగానే భీముడు గెంతాడు, మందు లోపలికి వెళ్ళిందో బొచ్చు మీద కారిందో తెలియలేదు, అప్పుడూ మళ్ళీ ఇవ్వకూడదు. అమ్మ ఇచ్చిందో లేదో గుర్తులేక నాన్న ఇంకోసారి ఇచ్చేయడం చాలా ఇళ్ళలో జరిగేదే. అందుకే ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించండి. ఇచ్చినవాళ్ళు వెంటనే టైము రాసి సంతకం పెట్టాలి. ఆ కాగితానికి పెత్తనం సుధది. సంతకం లేకపోతే నాన్ననైనా నిలదీయొచ్చు.

వరస ఎప్పుడూ ఒకటే: ముందు తిండి, తర్వాత సూది. వాడు మామూలుగా తిన్నాడని కళ్ళతో చూశాకే మందు. తినకపోయినా, సగమే తిన్నా, తిన్నది కక్కుకున్నా పూర్తి డోసు ఇవ్వకుండా డాక్టరుగారికి ఫోన్ చేసి అడగాలి. రోజుకి రెండుసార్లు, 12 గంటల ఎడంతో. అరగంట అటూ ఇటూ అయితే కంగారు లేదు. చాలా పిల్లులకు మొదట ఒక్కో పూటకి ఒక యూనిట్ దగ్గరే మొదలుపెడతారు. అంత కొంచెమేనా అనిపిస్తుంది, కానీ భీముడెంత లావైనా పిల్లే కదా. డోసు పెంచడం, తగ్గించడం డాక్టరుగారి పని. చక్కెర చూసే మీటరులో ఒక పెద్ద అంకె చూసి ఇంట్లోవాళ్ళు అరయూనిట్ కలపడం మొదలుపెడితే తిప్పలు తప్పవు.

సిరంజి సంగతి అమ్మకి, నాన్నకి గట్టిగా చదివి వినిపించండి. పిల్లుల కోసం చేసిన కొన్ని ఇన్సులిన్లలో ఒక మిల్లీలీటరుకి 40 యూనిట్లు ఉంటాయి. మనుషుల కోసం చేసి పిల్లులకు కూడా వాడే గ్లార్జిన్ లాంటి వాటిలో సాధారణంగా 100 ఉంటాయి. దేని సిరంజి దానికే. 40 గీతల లెక్క ఉన్న సిరంజితో 100 యూనిట్ల మందు ఒక గీత లాగారనుకోండి, వెళ్ళేది ఒక యూనిట్ కాదు, రెండున్నర. కిట్టూ, ఎందుకో లెక్క వేసి చూడు: ఆ సిరంజిలో ఒక గీత అంటే మిల్లీలీటరులో 40వ వంతు. 100ని 40తో భాగించు. ఇంట్లో రెండు రకాల సిరంజిలు ఉండకుండా చూసుకోవడమే క్షేమం. నేను మీ ఇంటికి వచ్చినప్పుడు నా ఇన్సులిన్ సామాను వేరే డబ్బాలో, వేరే గదిలో పెట్టుకుంటాను.

మందు సీసా ఫ్రిజ్‌లో ఉండాలి, కానీ గడ్డకట్టకూడదు. కొన్నింటిని చేతుల మధ్య మెల్లగా దొర్లించాలి, కొన్నింటిని బాగా కలపాలి, గ్లార్జిన్‌కి ఏదీ అక్కర్లేదు. సీసాతో వచ్చిన కాగితంలో ఏముంటే అదే చేయండి. సూది మెడ మీద ఒకే చోట కాకుండా పక్కటెముకల మీద, నడుము పక్కన వదులుగా ఉండే చర్మాన్ని పైకి పట్టుకుని, చోటు మారుస్తూ ఇవ్వాలి. ఆ సూది సన్నగా ఉంటుంది. చాలా పిల్లులు తింటూ ఉంటే పట్టించుకోవు కూడా. వాడిన సూదులు గట్టి ప్లాస్టిక్ డబ్బాలోకి వెళ్ళాలి, మీ చేతుల్లోకి రాకూడదు.

సూది పెడుతుంటే సుధ ఏడ్చిందని అమ్మ చెప్పింది. అమ్మలూ, 1922 జనవరిలో టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ అబ్బాయికి మనుషుల్లో మొట్టమొదటిసారిగా ఇన్సులిన్ ఇచ్చి షుగర్‌కి వైద్యం చేశారు. అంతకు ముందు ఆ జబ్బు పడ్డ పిల్లలకు తిండి తగ్గించి, ప్రాణం కొద్దిరోజులు సాగదీయడం తప్ప డాక్టర్లు చేయగలిగింది లేదు. ఆ సూది మీద కోపం పెట్టుకోకు.

తిండి విషయంలో పిల్లికీ నాకూ పోలిక లేదు. నన్ను గింజలు, పీచు ఎక్కువ తినమంటారు. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. దాని లాలాజలంలో పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైమ్ ఉండదు. ఒక్కసారిగా వచ్చిపడే గ్లూకోజ్‌ని సర్దుకునే శక్తి దాని కాలేయానికి తక్కువ. ఎలుకని తినే పిల్లికి పిండిపదార్థం దాదాపు అందదు. పొడి తిండి గుళికల్లో మాత్రం అది బాగానే ఉంటుంది, ఎందుకంటే పిండి లేకపోతే ఆ గుళికకు ఆకారం నిలవదు. అందుకే షుగర్ పిల్లులకు డబ్బాల్లో వచ్చే తడి తిండి మంచిదంటారు. నీళ్ళు కూడా కడుపులోకి వెళ్తాయి, బరువు కూడా తేలిగ్గా తగ్గుతుంది.

డబ్బా మీద పిండిపదార్థం ఎంతో చాలాసార్లు రాయరు. మీరే లెక్కకట్టొచ్చు. ప్రొటీను, కొవ్వు, తేమ, బూడిద (అంటే ఖనిజాలు), పీచు శాతాలు కలిపి 100లోంచి తీసేయండి. మిగిలిందే పిండిపదార్థం. ఒక తడి తిండిలో వరసగా 11, 6, 78, 2.5, 0.5 ఉన్నాయనుకోండి. మొత్తం 98, మిగిలింది 2. ఒక పొడి తిండిలో 32, 14, 8, 7, 3 అనుకోండి. మొత్తం 64, మిగిలింది 36. కానీ ఒకదాంట్లో నీళ్ళే ఎక్కువ కాబట్టి ఈ రెండు అంకెల్నీ నేరుగా పోల్చకూడదు. కేలరీల్లోకి మార్చాలి. ప్రొటీనుకి, పిండిపదార్థానికి గ్రాముకి మూడున్నర కేలరీలు, కొవ్వుకి ఎనిమిదిన్నర. మొదటిదాంట్లో మొత్తం 96.5 కేలరీలు, అందులో పిండిపదార్థం నుంచి 7. అంటే నూటికి ఇంచుమించు 7. రెండోదాంట్లో 357కి 126, అంటే నూటికి 35. షుగర్ పిల్లికి నూటికి 10, 12 దాటకుండా ఉంటే బాగుంటుందని చాలామంది డాక్టర్ల మాట. డబ్బా మీద అంకెలు కనీసం ఇంత, గరిష్ఠం ఇంత అని ఉంటాయి కాబట్టి మీకొచ్చే జవాబు ఉజ్జాయింపే.

అయితే ఈ లెక్క చూసి రేపే పొడి తిండి పారేయకండి. పిండిపదార్థం తగ్గగానే చక్కెర తగ్గుతుంది. నిన్నటిదాకా సరిపోయిన ఇన్సులిన్ ఇవాళ ఎక్కువైపోతుంది. డాక్టరుగారికి చెప్పి, డోసు చూసుకుంటూ, కొన్ని రోజుల మీద మెల్లగా మార్చండి. ఇంకో సంగతి, పిల్లిని పస్తు పెట్టి దారిలోకి తేవాలని చూడకూడదు. లావుపాటి పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని అదే పెద్ద జబ్బవుతుంది. బరువు వారానికి నూటికి ఒకటి చొప్పున తగ్గితే చాలు. ఇంట్లో వండిన కూర, పాలు, కుక్కల తిండి వద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషం. బల్ల కింద నుంచి కిట్టు అందించే ముక్కలు కూడా లెక్కలోకి వస్తాయి, నేను చూడలేదనుకోకు.

మీరు కంఠతా పెట్టాల్సింది ఒక్కటే. భీముడు తూలుతున్నా, ఉన్నట్టుండి నీరసంగా వాలిపోయినా, బిత్తరచూపులు చూస్తున్నా, ఒళ్ళు అదురుతున్నా, ఆగకుండా ఆకలని అరుస్తున్నా చక్కెర పడిపోయిందేమో అనుకోవాలి. రక్తంలో 60 కంటే తగ్గితే ప్రమాదం. తినగలిగితే వెంటనే తిండి పెట్టండి. తినలేకపోతే పెద్దవాళ్ళు తేనె గానీ చక్కెర పాకం గానీ కొంచెం చిగుళ్ళకి రాయాలి, నోట్లో పోయకూడదు. మూర్ఛ వస్తుంటే మీరిద్దరూ వేలు నోటి దగ్గరికి కూడా పోనివ్వకండి, కొరికేస్తాడు. డాక్టరుగారికి ఫోన్ చేస్తూనే బయల్దేరాలి. తేనెతో తేరుకున్నాడు కదా అని ఇంట్లో కూర్చోకూడదు, ఇన్సులిన్ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది.

దీనికి ఎదురుది కూడా ఉంది. తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ, ముడుచుకుని పడుకుని, నోటి నుంచి గోళ్ళరంగు తుడిచే మందు వాసన వస్తే అది కీటోన్లు, అంటే ఇన్సులిన్ చాలక ఒళ్ళు కొవ్వుని కరిగించినప్పుడు పుట్టే ఆమ్లాలు, పేరుకున్న లక్షణం. అప్పుడు కూడా పగలూ రాత్రీ చూడకుండా ఆసుపత్రికే.

చెవి అంచున చిన్న చుక్క రక్తం తీసి ఇంట్లోనే చక్కెర చూడొచ్చు. అమ్మ నేర్చుకుంటోందని విని సంతోషించాను. ఆసుపత్రి భయం లేకుండా ఇంట్లో చూసిన అంకెకే విలువ ఎక్కువ. మనుషుల మీటరు పిల్లి రక్తంలో చాలాసార్లు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, అందుకని పిల్లుల మీటరు ఉంటే మేలు. మందిచ్చాక 12 గంటల పాటు రెండేసి గంటలకోసారి చూసి గీసే గీతను బట్టి డాక్టరుగారు డోసు మారుస్తారు. రోజంతా 80 నుంచి 300 మధ్య తిరిగితే ఇన్సులిన్ మీదున్న పిల్లికి బాగానే ఉందంటారు. నాకు 300 వచ్చిందంటే మీ అమ్మమ్మ ఇల్లు పీకి పందిరి వేస్తుంది, భీముడికి మాత్రం మాఫీ.

సూది బదులు మాత్ర లేదా అన్నారు. పిల్లుల కోసం బెక్సాగ్లిఫ్లోజిన్ మాత్ర 2022లో, వెలాగ్లిఫ్లోజిన్ ద్రవం 2023లో అమెరికాలో అనుమతి పొందాయి. ఇవి చక్కెరని మూత్రంలోకి పంపేస్తాయి. అప్పటికే ఇన్సులిన్ మీదున్న పిల్లికి ఇవ్వకూడదు. పైగా ఇవి వాడేటప్పుడు చక్కెర మామూలుగా కనిపిస్తున్నా కీటోన్లు పేరుకునే ప్రమాదం ఉంది. భీముడికి సూదే మొదలుపెట్టారు కాబట్టి ఆ సంగతి వదిలేయండి. నా మాత్రలు వాడికి పనికొస్తాయా అని మాత్రం అడగొద్దు.

ఒక ఆశ ఉంది, చెప్పకుండా ఉండలేను. జబ్బు తెలిసిన మొదటి నెలల్లోనే పిండిపదార్థం తగ్గించి, ఇన్సులిన్ సక్రమంగా ఇస్తే కొన్ని పిల్లుల్లో క్లోమం మళ్ళీ కోలుకుంటుంది. సూది అవసరం లేని రోజు వస్తుంది. అందరికీ రాదు, వచ్చాక మళ్ళీ పోనూవచ్చు. అది చెప్పాపెట్టకుండా వస్తుంది కాబట్టే, బాగుపడుతున్న కొద్దీ తూలుడు కోసం ఇంకా జాగ్రత్తగా చూడాలి. సూది ఆగినా తిండి మాత్రం పాతదానికి మారదు.

మీ వంతు పనులు: కొలిచిన నీళ్ళే గిన్నెలో పోసి, మర్నాడు ఎంత మిగిలిందో రాయడం. ఇసుకలో ఎన్ని ఉండలు కట్టాయో లెక్కపెట్టడం. వారానికోసారి వాణ్ణి ఎత్తుకుని తూకం ఎక్కి, తర్వాత మీ బరువు తీసేయడం. నీళ్ళు ఉన్నట్టుండి పెరిగినా తగ్గినా అమ్మకి చెప్పండి. రెండు వారాలయ్యాక ఆ అంకెలన్నీ నాకు రాసి పంపండి. కిట్టు చేతిరాత అర్థమయ్యేట్టు ఉండాలి.

మీ తాతయ్య