గ్రూవ్ పాఠాలు రాసేవారికి: డ్రమ్స్ బోధనలో కొన్ని అపోహలు, వాస్తవాలు

చెన్నై కోడంబాక్కంలో డ్రమ్స్ నేర్పుతూ, నా దగ్గరకు వచ్చే తెలుగు విద్యార్థుల కోసం కొన్నేళ్లుగా అభ్యాస పత్రాలూ ఆడియో ట్రాకులూ తయారు చేస్తున్నాను. గ్రూవ్ అనే మాటకు నేను పిల్లలతో వాడే తెలుగు మాట ‘నడక’. పెళ్లి ఊరేగింపులో డప్పు వినగానే మన ప్రమేయం లేకుండా కాలు కదిలిస్తుందే, అదే. దీన్ని పాఠంగా రాయబోయే వారిని పక్కదారి పట్టించే నమ్మకాలను, అందులో కొన్ని ఒకప్పుడు నావే కనుక, ఇక్కడ వివరిస్తున్నాను.

అపోహ: గ్రూవ్ పుట్టుకతో రావాలి, నేర్పితే వచ్చేది కాదు.

వాస్తవం: ఏ దెబ్బ ఎంత బరువుగా పడాలో, రెండు దెబ్బల మధ్య ఎంత ఎడం ఉండాలో రాయవచ్చు, కొలవవచ్చు, దిద్దవచ్చు. కొందరికి త్వరగా పట్టుబడుతుంది, కొందరికి ఆలస్యమవుతుంది. ఆ తేడా లెక్కల్లోనూ ఉంది, ఈతలోనూ ఉంది.

అపోహ: నోటేషన్ (దెబ్బలను కాగితం మీద రాసే లిపి) తప్పుల్లేకుండా ఉంటే నడక దానంతట అదే వస్తుంది.

వాస్తవం: ఈ నమ్మకంతోనే నా మొదటి పత్రం పాడైంది. నిమిషానికి 90 బీట్ల వేగం, ఒకే ఒక్క బార్ (నాలుగు బీట్ల ఆవర్తం), స్నేర్ (కరకరలాడే శబ్దమిచ్చే డ్రమ్) మీద 2, 4 బీట్లలో గట్టి దెబ్బలు, వాటి మధ్య కుండలీకరణాల్లో నాలుగు గోస్ట్ నోట్లు, అంటే వినీ వినబడని చిన్న దెబ్బలు. ఇంటర్ చదివే ఒక అబ్బాయి దాన్ని ఎక్కడా తడబడకుండా వాయించాడు గానీ, వింటుంటే రోట్లో పిండి దంచుతున్నట్టుంది. “కాగితం మీద ఉన్నవన్నీ వాయించాను కదండీ మాస్టారూ” అన్నాడు. అతను అన్నది నిజమే. కుండలీకరణం చిన్నగా కొట్టమని చెబుతుందే తప్ప, ఎంత చిన్నగానో చెప్పదు.

ఇప్పటి పత్రంలో పుల్ల ఎత్తును అంకెల్లో రాస్తున్నాను. గోస్ట్ నోటుకు పుల్ల మొన డ్రమ్ తోలు మీద నుంచి రెండు మూడు సెంటీమీటర్లకు మించి లేవకూడదు. 2, 4 బీట్ల దెబ్బకు మాత్రం ముప్పై సెంటీమీటర్ల ఎత్తు నుంచి దిగాలి. హై-హ్యాట్‌కు (కాలితో కలిపి విడదీసే జంట సింబల్స్) కూడా ఇలాంటి సూచనే ఉంటుంది: బరువైన దెబ్బకు పుల్ల భుజం (మొన దగ్గరి మెడ భాగం) సింబల్ అంచు మీద, తేలిక దెబ్బకు పుల్ల మొన సింబల్ పైభాగం మీద తగలాలి. ఆ తర్వాత ఫోన్‌ను పక్క గదిలో పెట్టి రికార్డ్ చేయమంటాను. ఆ రికార్డింగులో గోస్ట్ నోట్లు విడివిడిగా లెక్కపెట్టగలిగేంత గట్టిగా వినబడకూడదు, కానీ వాటిని తీసేసి వాయిస్తే బార్ బోసిపోవాలి. జేమ్స్ బ్రౌన్ బృందంలో వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ స్నేర్‌ను శ్రద్ధగా విన్నవారికి ఈ బోసితనం అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

అపోహ: మెట్రోనోమ్‌తో, అంటే సమాన వ్యవధిలో ‘క్లిక్’ మనే పరికరంతో, సాధన చేస్తే వాయిద్యంలో జీవం పోతుంది.

వాస్తవం: క్లిక్ లేకుండా స్టూడియో పని దొరకడం కష్టమైన ఈ ఊళ్లో ఆ మాట చెప్పడానికి కూడా ధైర్యం కావాలి. అయితే ప్రతి బీట్‌కూ క్లిక్ వినిపిస్తే విద్యార్థి దాని మీద ఆనుకుని నిలబడతాడు కనుక, ఆ ఊతాన్ని మెల్లగా తీసేయడమే పాఠం తయారుచేసేవారి పని. మొదటి ట్రాకులో నాలుగు క్లిక్కులూ ఉంటాయి, రెండోదానిలో 2, 4 బీట్లలో మాత్రమే ఉంటాయి, మూడోదానిలో నాలుగు బార్లు క్లిక్, నాలుగు బార్లు నిశ్శబ్దం. 90 వేగంలో ఆ నిశ్శబ్దం దాదాపు 10.7 సెకన్లు. మళ్లీ క్లిక్ వచ్చేసరికి తానెక్కడున్నాడో విద్యార్థికే తెలిసిపోతుంది.

అపోహ: బీట్ కన్నా కాస్త వెనకగా, అంటే ఆలస్యంగా, వాయిస్తే అదే గ్రూవ్.

వాస్తవం: దూరాన ఉండే ఒక విద్యార్థి నా ట్రాకుతో వాయించి పంపిన రికార్డింగులో ప్రతి దెబ్బా దాదాపు 150 మిల్లీసెకన్లు ఆలస్యంగా ఉంది. 90 వేగంలో సిక్స్‌టీన్త్ నోటు (బీట్‌లో నాలుగో వంతు) నిడివి 167 మిల్లీసెకన్లే కాబట్టి ‘బాగా వెనకబడుతున్నావు’ అని రాసి పంపేశాను. తర్వాత తీరిగ్గా కొలిచి చూస్తే ఆ ఆలస్యం మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉంది. నేరం అతని చేతులది కాదు, బ్లూటూత్ హెడ్‌ఫోన్లది. క్షమాపణ చెప్పుకోక తప్పలేదు. అప్పటి నుంచి ప్రతి పత్రం పైభాగాన ‘వైరున్న హెడ్‌ఫోన్లే వాడాలి’ అని రాస్తున్నాను. వేదిక మీద బేస్ గిటార్ ఆంప్లిఫయర్ మూడున్నర మీటర్ల దూరంలో ఉన్నా ధ్వని చేరడానికి పది మిల్లీసెకన్లు పడుతుంది, అయినా బృందం కలిసే వాయిస్తుంది. ఆలస్యం ఉండటం కాదు, అది నిలకడగా ఉండటమే ముఖ్యం: వెనక వాయించడం అనే శైలిలో హై-హ్యాట్ నిలకడగా ఉండి, స్నేర్ ఒక్కటే ప్రతిసారీ అంతే దూరం వెనక పడాలి. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ పడితే దాన్ని జారడం అనే అంటాం. కొన్ని ప్రయోగాల్లో శ్రోతలు గ్రిడ్ (సమాన కాలవిభాగాల) మీద కచ్చితంగా సర్దిన లయలకు కూడా తక్కువేమీ కాకుండా మార్కులు వేశారు కనుక, నిలకడ రాకముందే ఈ శైలి నేర్పడం నాకు సమ్మతం కాదు.

అపోహ: ఎన్ని దెబ్బలుంటే అంత గ్రూవ్.

వాస్తవం: మరియా విటెక్, ఆమె సహచరులు 2014లో ప్లాస్ వన్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, సింకోపేషన్ (ఎదురుచూసే బీట్ మీద కాకుండా పక్కన పడే దెబ్బలు) మరీ తక్కువగా గానీ మరీ ఎక్కువగా గానీ ఉన్న డ్రమ్ లయలకంటే మధ్యస్థంగా ఉన్నవే శ్రోతలకు ఎక్కువగా కదలాలనిపించాయి.

అపోహ: మృదంగం నేర్చుకున్న పిల్లలకు స్వింగ్ (జంట దెబ్బల్లో మొదటిదాన్ని సాగదీసి రెండోదాన్ని కుదించడం) విడిగా చెప్పనక్కర్లేదు.

వాస్తవం: సగం నిజం. త్ర్యస్ర నడక (ఇక్కడ నడక అంటే బీట్‌ను మూడుగా విడగొట్టే లయ) తెలిసిన పిల్లలకు ‘తకిట’లో ‘కి’ని మనసులోనే పలికి, ‘త’, ‘ట’లను మాత్రమే వాయించమంటే 2:1 నిష్పత్తిలో స్వింగ్ వెంటనే వచ్చేస్తుంది. రోజర్ లిన్ 1980లో తెచ్చిన ఎల్‌ఎమ్-1 డ్రమ్ మెషీన్ ఈ ఎడాన్ని, జంటలో మొదటి దెబ్బ వాటా ఎంతో, శాతాల్లో చూపింది: 50 అంటే సమానం, 66 అంటే మన తకిట. చిక్కంతా వేగం పెరిగినప్పుడే. జాజ్ డ్రమ్మర్లు వేగం పెరిగేకొద్దీ ఆ రెండు దెబ్బలనూ సమానానికి దగ్గర చేస్తారు, మన పిల్లలు మాత్రం లెక్క తప్పకూడదని అదే తకిటను పట్టుకుని కుంటుతారు. అందువల్ల ఒకే పాఠాన్ని మూడు వేగాల్లో, మూడు శాతాలతో రికార్డ్ చేసి ఇస్తున్నాను.

అపోహ: ఆడియో ఏ ఫార్మాట్‌లో ఇచ్చినా ఒకటే.

వాస్తవం: ఎమ్‌పీ3గా మార్చినప్పుడు ఫైలు ముందూ వెనకా చిన్న నిశ్శబ్దం చేరుతుంది, లూప్ (ఆగకుండా మళ్లీ మళ్లీ మోగే ట్రాకు) తిరిగిన ప్రతిసారీ మొదటి బీట్ దగ్గర తాళం తడబడుతుంది. విద్యార్థి ఆ తడబాటును కూడా శ్రద్ధగా నేర్చుకుంటాడు. నేను ఆ నిశ్శబ్దం చేరని వేవ్ (WAV) ఫైళ్లనే, వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపుతున్నాను.