జెనీవాలో దిగినా వీసా ఫ్రాన్స్ నుంచే: ఆన్సీ యాత్రపై అపోహలు - వాస్తవాలు

“ఆన్సీ వెళ్దామనుకుంటున్నామండీ. స్విట్జర్లాండ్ వీసాకు అపాయింట్‌మెంట్ కూడా దొరికింది. ఇక హోటళ్లు చూసి పెట్టండి.”

యూరప్ యాత్రలకు ప్రణాళికలు వేసి, వీసా కాగితాలు సర్దిపెట్టే నా పనిలో ఈ మాట పదేపదే వింటాను. విన్న ప్రతిసారీ గుండెలో రాయి పడుతుంది. ఆల్ప్స్ కొండల్లో సరస్సు ఒడ్డున ఉన్న ఈ ఆన్సీ ఊరు ఫ్రాన్స్‌లోది. జెనీవాయేమో స్విట్జర్లాండ్‌లోది. వీళ్లు ఉండబోయేదీ, తిరగబోయేదీ ఫ్రాన్స్‌లోనే. వీసా మాత్రం స్విట్జర్లాండ్‌ను అడుగుతున్నారు. ఎందుకని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: “విమానం దిగేది జెనీవాలో కదా!”

జనానికి అన్నిటికంటే ఎక్కువ నష్టం తెచ్చేది ఈ అపోహే. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను. మిగతావి ఆ తరువాత చకచకా చెప్పేస్తాను.

అపోహ: ఏ దేశంలో దిగితే ఆ దేశం వీసాయే తీసుకోవాలి

వాస్తవం: యాత్రలో ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో, లేదా మీ ప్రయాణానికి ముఖ్య కారణం ఏ దేశంలో ఉందో, ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిని షెంగెన్ అంటారు. ఆ షెంగెన్ వీసా నియమావళి 5వ అధికరణం చెప్పేది ఇదే. ముందుగా అడుగుపెట్టే దేశం లెక్కలోకి వచ్చేది ఒక్క సందర్భంలోనే. రెండు దేశాల్లో సమానంగా రోజులు గడుపుతూ, ఏది ముఖ్యమో తేల్చలేనప్పుడు మాత్రమే. జెనీవాలో నాలుగు రోజులు, ఆన్సీలో నాలుగు రోజులు అనుకుంటే, షెంగెన్‌లో మీ తొలి అడుగు జెనీవాలోనే పడుతుంటే స్విట్జర్లాండ్‌ను అడగవచ్చు. జెనీవాలో రెండు, ఆన్సీలో ఏడు అయితే ఇక ఆలోచించాల్సిన పని లేదు. ఫ్రాన్స్‌నే అడగాలి.

ఆన్సీకి దగ్గర్లో ఉన్న పెద్ద విమానాశ్రయం జెనీవాదే. దూరం సుమారు 40 కిలోమీటర్లు. గందరగోళం పుడుతున్నది అక్కడే. కానీ “దిగిన దేశం” వాదన ఎంత బలహీనమో చూడండి. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా జెనీవా వెళ్లేవారికి పాస్‌పోర్టు తనిఖీ జరిగేది ఫ్రాంక్‌ఫర్ట్‌లో. షెంగెన్‌లో తొలి అడుగు అక్కడే పడుతుంది కదా. అదే దుబాయ్ మీదుగా వెళితే తనిఖీ జెనీవాలో. ఆ వాదనే నిజమైతే, విమానం దారి మారినందుకు ఒకే ఊరికి వెళ్లే ఇద్దరిలో ఒకరు జర్మనీని, మరొకరు స్విట్జర్లాండ్‌ను అడగాలి. అలాంటి నియమం ఎక్కడా లేదు. ఫ్రాన్స్ ఇచ్చిన షెంగెన్ వీసాతో జెనీవాలో నిశ్చింతగా దిగవచ్చు. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా 2008 చివరి నుంచి షెంగెన్‌లో ఉంది.

తెనాలి నుంచి ఒక లెక్కల మాస్టారు వచ్చారు. రిటైరయ్యారు. షష్టిపూర్తికి పిల్లలు ఆయనకూ, ఆయన భార్యకూ జెనీవాకు టికెట్లు కొనిపెట్టారు, రద్దు చేస్తే డబ్బు తిరిగిరాని రకం. పార్కులో నడకకు వచ్చే స్నేహితుడెవరో చెప్పిన మాట నమ్మి స్విస్ వీసాకు దరఖాస్తు పెట్టారు. ప్రణాళికలో ఉన్నది ఆన్సీలో ఏడు రాత్రులు, జెనీవాలో రెండు. కొన్నాళ్లకు కాగితాలన్నీ వెనక్కి వచ్చాయి, మీ దరఖాస్తు చూడాల్సింది ఫ్రాన్స్ అని. దాన్ని తప్పుపట్టలేం. తమ పరిధిలోకి రాని దరఖాస్తును తిప్పి పంపి, వీసా రుసుము వాపసు ఇవ్వాలని నియమావళిలోనే ఉంది. రుసుము తిరిగి వచ్చింది. దరఖాస్తు కేంద్రానికి కట్టిన సేవా రుసుము రాలేదు. అంతకంటే ముఖ్యంగా, పోయిన రోజులు తిరిగి రాలేదు. ఫ్రాన్స్‌కు అప్పుడు దొరికిన తొలి అపాయింట్‌మెంట్ వాళ్ల ప్రయాణ తేదీ దాటాక ఉంది. టికెట్ల డబ్బు దాదాపు అంతా పోయింది. మాస్టారు ప్రతి కాగితానికీ వరుస సంఖ్య వేసి అందంగా కుట్టుకొచ్చిన ఫైలు నా బల్ల మీద పెట్టి, “ఒక్క కాగితం కూడా తక్కువ పెట్టలేదు కదండీ?” అని అడిగారు. నిజంగానే ఏదీ తక్కువ కాలేదు. వెళ్లిన తలుపు వేరు, అంతే. ఆ దంపతులు తరువాత సెప్టెంబరులో ఆన్సీ వెళ్లివచ్చారు. కానీ ఆ రోజు ఆవిడ కళ్లలో చూసిన బెంగ నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఈ పుకారు వింటే ఓపిక నశిస్తుంది.

దీనికి తోడుగా తిరిగే “చిట్కా” ఇంకా ప్రమాదకరమైనది. ఫ్రాన్స్‌కు అపాయింట్‌మెంట్లు లేకపోతే ఏ దేశానికి దొరికితే ఆ దేశానికి పెట్టుకోండి, ఆ దేశంలో హోటళ్లు బుక్ చేసి చూపించి, వీసా వచ్చాక రద్దు చేసుకోండి అంటారు. దయచేసి వినకండి. వీసా చేతిలో ఉన్నా సరిహద్దు అధికారి మీ బసను, ప్రయాణ కారణాన్ని అడిగే హక్కుతోనే కూర్చుంటాడు. స్విస్ వీసా పెట్టుకుని, స్విట్జర్లాండ్‌లో ఒక్క రాత్రికైనా బుకింగ్ లేకుండా, ఆన్సీ హోటల్ కాగితం తీస్తే ఏం జవాబు చెబుతారు? తప్పుడు ఉద్దేశం చూపి వీసా పొందారని తేలితే దాన్ని అక్కడికక్కడే రద్దు చేయవచ్చు. ఆ మచ్చ తరువాతి దరఖాస్తుల మీదా పడుతుంది. భారతీయులకు 2024 ఏప్రిల్‌లో ఒక మంచి వెసులుబాటు వచ్చింది. మూడేళ్లలో రెండు షెంగెన్ వీసాలు తీసుకుని సక్రమంగా వాడుకున్నవారికి, ఆ తరువాత రెండేళ్ల బహుళ ప్రవేశ వీసా దొరికే వీలుంది. పిల్లలు యూరప్‌లో ఉన్న తల్లిదండ్రులకు ఇది వరమే. ఒక అపాయింట్‌మెంట్ కోసం దాన్ని పోగొట్టుకుంటారా?

సరైన దారి ఒక్కటే, ముందుగా కదలడం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. చివరి గడువు 15 రోజుల ముందు, కానీ అంతవరకూ ఆగకండి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, అవసరమైతే 45 రోజుల దాకా పట్టవచ్చు. మే నెల సెలవులకు వెళ్లాలనుకునేవారు సంక్రాంతి పండుగ అయిన వెంటనే కాగితాలు తీయాలి. ఏప్రిల్ మొదట్లో వచ్చి “ఎలాగోలా చేయండి” అంటే నా చేతిలో ఏముంటుంది?

అపోహ: టికెట్లు కొంటేనే వీసా వస్తుంది

రానూపోనూ రిజర్వేషన్ చూపాలి. డబ్బు తిరిగిరాని టికెట్ కొని తీరాలని ఎక్కడా లేదు. హోటల్ కూడా ఉచితంగా రద్దు చేసుకునే బుకింగ్ అయినా చాలు, మీరు నిజంగా అక్కడ ఉండబోతున్నంత వరకు. ఊరూపేరూ లేని వెబ్‌సైట్లలో అమ్మే “డమ్మీ టికెట్లు” మాత్రం ముట్టుకోకండి. కాగితం నకిలీదని అనుమానం వచ్చినా వీసా తిరస్కరించడానికి అది చాలు. మాస్టారి టికెట్లు రద్దు చేసుకునే రకం అయి ఉంటే ఆయన కథ ఇంత చేదుగా ఉండేది కాదు.

అపోహ: ఖాతాలో తలకు అయిదు లక్షలు ఉండాలి

ఈ అయిదు లక్షల లెక్క ఎక్కడ పుట్టిందో తెలియదు కానీ ఎందరినో నిద్రపోనివ్వడం లేదు. ఫ్రాన్స్ ప్రకటించిన కొలమానం రోజుకు ఇంత అని ఉంటుంది. హోటల్ బుకింగ్ ఉన్నవారికి రోజుకు 65 యూరోలు, బస రుజువు లేనివారికి 120 యూరోలు. బంధువుల ఇంట్లో ఉండేవారు “అతెస్తాసియోం దాక్కెయ్” అనే ఆతిథ్య పత్రం చూపితే 32.50 యూరోలు. ఆ పత్రాన్ని అక్కడున్న మీ అమ్మాయో అబ్బాయో తమ ఊరి పురపాలక కార్యాలయంలో తీసుకుని అసలు ప్రతి మీకు పంపాలి. మామూలు ఉత్తరం చెల్లదు.

ఒక అమ్మగారు ఆన్సీ దగ్గర కాపురముంటున్న కూతురి దగ్గరికి వెళ్లాలని, చెల్లెలి దగ్గర అప్పు చేసి మరీ ఖాతాలో వేశారు. దరఖాస్తుకు వారం ముందు ఒక్కసారిగా పెద్ద మొత్తం వచ్చిపడితే అధికారికి కలిగేది ధైర్యం కాదు, ప్రశ్న. ఆవిడకు నెలనెలా వచ్చే కుటుంబ పింఛను ఉంది, ఆ రాబడే నికరమైన రుజువు. “కంగారు పడకండమ్మా, మీ పాస్‌బుక్కే మీకు సాక్షి” అని చెప్పి, ఆ అప్పు ఎలా వచ్చిందో ఒక లేఖలో ఉన్నది ఉన్నట్టు రాయించాను. వీసా వచ్చింది. ఉన్న లెక్క దాచకుండా చూపడం కంటే మంచి ఉపాయం ఈ పనిలో నేను చూడలేదు.

అపోహ: జెనీవా నుంచి ఆన్సీకి దాటాలంటే రెండు ప్రవేశాల వీసా కావాలి

అక్కర్లేదు. రెండూ షెంగెన్ లోపలివే. మధ్యలో లండన్ చుట్టి రావాలనుకుంటేనే ఇబ్బంది. బ్రిటన్‌కు వీసా వేరు, పైగా షెంగెన్ దాటి బయటికి వెళ్లగానే మీ ఒక్క ప్రవేశం అయిపోతుంది. 2025 అక్టోబరు 12 నుంచి రాకపోకలను కంప్యూటర్‌లో నమోదు చేసే పద్ధతి దశలవారీగా మొదలైంది. ముద్ర సరిగా పడలేదులే అనే రోజులు పోయాయి.

అపోహ: జెనీవా నుంచి ఆన్సీకి టాక్సీ తప్ప దారి లేదు

విమానాశ్రయం నుంచి బస్సులు ఉన్నాయి. జెనీవా ఊరి నుంచి లెమాన్ ఎక్స్‌ప్రెస్ రైలు ఉంది, గంటన్నర పడుతుంది. పారిస్‌లోని గార్ ద లియోం స్టేషన్ నుంచి నేరుగా టీజీవీ అనే వేగవంతమైన రైలు ఉంది, సుమారు నాలుగు గంటలు. కారు అద్దెకు తీసుకునేవారు ఒక్కటి గుర్తుంచుకోండి. స్విస్ మోటారు రహదారుల మీద ఏడాదికి 40 ఫ్రాంకుల వినియత్ అనే రుసుము ఉంటుంది, ఫ్రాన్స్ వైపు దారిలో టోల్ ఉంటుంది.

అపోహ: ఆల్ప్స్ అంటే ఏడాదంతా మంచే

ఆన్సీ సరస్సు సముద్రమట్టానికి సుమారు 447 మీటర్ల ఎత్తులోనే ఉంది. జూలైలో అక్కడి వాళ్లు సరస్సులో ఈత కొడతారు. ఉన్ని కోట్లు నింపుకుని వెళ్లి, అక్కడ పల్చటి చొక్కాలు కొనుక్కున్న కుటుంబాలు నాకు తెలుసు. ఎండాకాలంలో మంచు చూడాలంటే షమోనీ అనే కొండ ఊరికి వెళ్లి ఎగుయ్ దు మిది శిఖరం మీదికి రోప్‌వే ఎక్కాలి, పై స్టేషన్ 3,777 మీటర్ల ఎత్తులో ఉంది. మూడేళ్ల లోపు పసివాళ్లను దాని మీదికి రానివ్వరు. మనుమల్ని వెంటబెట్టుకుని వెళ్లే తాతలు, అమ్మమ్మలు ముందే చూసుకోవాలి. ఆన్సీ ఊళ్లోంచి ఆల్ప్స్‌లోకెల్లా ఎత్తైన మాంట్ బ్లాంక్ శిఖరం కనబడుతుందని కూడా అనుకుంటారు. కనబడదు. పక్కనే ఉన్న సెమ్నోజ్ కొండ ఎక్కితే ఆకాశం తేటగా ఉన్న రోజున కనబడుతుంది.

జూన్‌లో అంతర్జాతీయ యానిమేషన్ చిత్రోత్సవం జరిగే వారం, ఆగస్టు మొదటి శనివారం సరస్సు పండుగ బాణసంచా వెలిగే రోజు, గదుల ధరలు చుక్కలనంటుతాయి. ఆ వేడుకల కోసమే వెళ్లేవారు సరే, మిగతావారు తేదీలు జరుపుకోండి.

అపోహ: నీళ్ల సీసాలు కొనుక్కోవాల్సిందే

కుళాయి నీళ్లు తాగండి, హాయిగా. ఆ నీళ్లు ఎక్కువగా ఆ సరస్సువే. దీని వెనుక నాకెంతో ఇష్టమైన చరిత్ర ఉంది. గత శతాబ్దం మధ్యలో సరస్సులోకి మురుగు చేరి నీరు పాడవుతుంటే, పోల్-లూయి సెర్వెత్తాజ్ అనే వైద్యుడు ఊరూరా తిరిగి హెచ్చరించారు. 1957లో సరస్సు చుట్టూ ఉన్న ఊళ్లు ఒక సంఘంగా ఏర్పడి, మురుగు సరస్సులో పడకుండా చుట్టూ గొట్టం వేయించాయి. ఏళ్లకు ఏళ్లు పట్టింది. ఈ రోజు అంచున నిలబడితే అడుగున గులకరాళ్లు కనబడేది వాళ్ల పట్టుదల వల్లే. సరస్సు చుట్టూ సుమారు 40 కిలోమీటర్ల సైకిల్ దారి ఉంది, పడమటి వైపు భాగం పాత రైలు పట్టాల జాడ మీద వేసినది. అంతా తొక్కలేకపోయినా ఒడ్డున ఉన్న ద్వేంగ్ ఊరి దాకా అయినా వెళ్లండి. తొందరపడి ఆన్సీని ఒక్క పూటలో చూసేసేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

అపోహ: శాకాహారులు పస్తులుండాలి

పస్తులేమీ ఉండరు, కానీ అడిగి తినాలి. అక్కడి తార్తిఫ్లెత్ వంటకం చూడటానికి బంగాళాదుంపలు, చీజే అయినా అందులో పందిమాంసం ముక్కలు వేస్తారు. కరిగించిన చీజ్‌తో చేసే సవ్వా ఫోందూలో తెల్ల ద్రాక్షసారా ఉంటుంది. రెబ్లోషోం చీజ్ తయారీలో దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్ అనే పాలు విరిచే పదార్థం వాడతారు, నిష్ఠగా ఉండేవారు తెలుసుకోవాలి. హోటళ్లలో మధ్యాహ్నం రెండు దాటితే చాలాచోట్ల వంటగది మూసేస్తారు, మళ్లీ తెరిచేది రాత్రి ఏడింటికే. పెద్దవాళ్లు, మధుమేహం ఉన్నవాళ్లు వెంట ఉంటే వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. ఆన్సీ పాతబస్తీలో మంగళ, శుక్ర, ఆదివారాల్లో ఉదయంపూట సంత ఉంటుంది, కూరగాయలు అక్కడ కొనుక్కోవచ్చు.

ఇంటి నుంచి ఏం తీసుకెళ్లాలన్నది చాలామంది చివరి నిమిషంలో అడిగే ప్రశ్న. ఆవకాయ, కందిపొడి, చింతపండు గుజ్జు గట్టిగా మూతవేసి పెద్ద పెట్టెలో పెట్టుకోండి. నెయ్యి, పాలకోవా వద్దు, బయటి దేశాల నుంచి పాల పదార్థాలు తేవడం నిషేధం. తాజా కరివేపాకు, మే నెల బంగినపల్లి మామిడిపళ్లు కూడా వద్దు. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా తాజా పళ్లు, ఆకులు రానివ్వరు. అరటి, కొబ్బరి, అనాస, ఖర్జూరం, డూరియన్ ఈ అయిదింటికే మినహాయింపు. అమ్మాయి కోసం మోసుకెళ్లిన మామిడిపళ్లను విమానాశ్రయంలో చెత్తబుట్టలో వేయాల్సి వస్తే కలిగే బాధ ఆ పళ్ల ఖరీదు కంటే చాలా ఎక్కువ. కరివేపాకును నీడన ఎండబెట్టి, వేయించి, కారప్పొడిలో కలిపి తీసుకెళ్లండి.