అలవాటయ్యేది ఏ మాత్ర? డిప్రెషన్ చికిత్స గురించి ఓపీలో రోజూ వినే అపోహలు

నా దగ్గరికి వచ్చే ప్రతివాళ్లకూ చెబుతాను: మళ్లీ వచ్చేటప్పుడు మీ మాత్రలన్నీ తీసుకురండి, ఖాళీ షీట్లతో సహా. చీటీలో నేను రాసింది ఉంటుంది, మీరు వేసుకున్నదేమిటో షీట్లు చెబుతాయి.

మొన్న యాభై దాటిన ఒకామె చేతిరుమాలు ముడి విప్పి బల్ల మీద పెట్టింది. డిప్రెషన్ మాత్ర ఎస్సిటాలోప్రామ్ షీటులో పదికి ఎనిమిది మాత్రలు అలాగే ఉన్నాయి. నిద్ర మాత్ర క్లోనజెపామ్ షీట్లు మూడు, మూడూ ఖాళీ. అది నేను రాసింది రెండు వారాలకే. మిగతావి పాత చీటీ చూపించి మందుల షాపులో కొన్నారు. "పెద్ద గోలీ అలవాటైతదంట సారూ, మా ఆడబిడ్డ చెప్పింది. అందుకే బంద్ చేసిన. ఈ చిన్నది ఏస్కుంటే మంచిగ నిద్ర పడుతది" అంది.

అలవాటయ్యేది ఆ చిన్నదే.

డిప్రెషన్ మాత్ర అలవాటవుతుందన్నది పదిహేనేళ్లుగా నేను వింటున్న అపోహ. దీనివల్ల జరిగినంత నష్టం మిగతావన్నీ కలిపినా జరగలేదు. మనవాళ్లకు మానసిక వైద్యుడు రాసిన ప్రతి మాత్రా "మత్తు మాత్రే". కానీ ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటివి వేసుకుంటే మత్తు ఎక్కదు, ఇంకా కావాలన్న తపన పుట్టదు, రోజురోజుకీ డోసు పెంచాల్సిన పని ఉండదు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. క్లోనజెపామ్, ఆల్ప్రాజోలామ్ అలా కాదు. వేసుకున్న కాసేపటికే టెన్షన్ తగ్గుతుంది, కళ్లు మూతపడతాయి. అందుకే జనం దాన్ని నమ్ముతారు, నెమ్మదిగా పనిచేసే మందును అనుమానిస్తారు. ఈ నిద్ర మాత్రలను మేం రాసేది కొద్ది వారాలకే. పైగా మన మార్కెట్లో ఎస్సిటాలోప్రామ్, క్లోనజెపామ్ రెండూ కలిపి ఒకే మాత్రగా కూడా దొరుకుతాయి. వేసుకునేవాళ్లలో చాలామందికి లోపల రెండున్నాయని తెలియదు. పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి.

వ్యసనం అంటే ఎలా ఉంటుందో తెలంగాణలో పనిచేసే మాలాంటివాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. కల్తీ కల్లులో కలిపేది ఆల్ప్రాజోలామ్, డైజెపామ్ లాంటివే. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే చేతులు వణుకుతూ, ఫిట్స్‌తో, పిచ్చి మాటలతో జనం హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వచ్చారు. డిప్రెషన్ మాత్ర మానేసి ఆ స్థితిలో వచ్చినవాళ్లను నేను చూడలేదు.

అలాగని వాటిని కూడా ఒక్కసారిగా ఆపకూడదు. ఈ మాట నాకు పుస్తకం కన్నా నా దగ్గర చికిత్స తీసుకున్న ఒక టీచర్ గట్టిగా నేర్పాడు. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో, బాగైపోయాడు కదా అని అతని డిప్రెషన్ మందు వెన్లాఫాక్సిన్‌ను వారంలో ఆపించాను. నాలుగో రోజు ఫోన్ చేశాడు. "సార్, కళ్లు పక్కకు తిప్పితే తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమంటోంది. బోర్డు మీద రాయలేకపోతున్నా." జబ్బు తిరగబెట్టిందనుకున్నాను. పొరపాటు నాదే. తిరగబెట్టే జబ్బు సాధారణంగా కొన్ని వారాల్లో మెల్లగా వస్తుంది, ఇలా నాలుగు రోజుల్లో షాకులతో రాదు. మందు మళ్లీ మొదలుపెట్టి నాలుగు నెలల్లో దించాను. చివరి చిన్న డోసు దగ్గరే ఎక్కువ కాలం ఆగాల్సి వచ్చింది. 2024లో జర్మనీ పరిశోధకులు పాత అధ్యయనాలు కలిపి చూస్తే, మందు ఆపినవాళ్లలో 31 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది కనిపించింది. మందు లేని ఉత్తుత్తి మాత్ర ఆపినవాళ్లలోనూ 17 శాతం మందికి కనిపించింది. పరాక్సెటిన్, వెన్లాఫాక్సిన్‌లతో ఈ బాధ ఎక్కువ. ఒంట్లోంచి మెల్లగా పోతుంది కాబట్టి ఫ్లూఆక్సెటిన్‌తో తక్కువ.

జీవితాంతం వాడాలా అని అడిగేవాళ్లకు: మొదటిసారి వచ్చిన డిప్రెషన్ అయితే, పూర్తిగా కోలుకున్నాక కనీసం ఆరు నెలలు కొనసాగించి మెల్లగా దించుతాం. పదేపదే వచ్చేవాళ్లకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

మందుల్లో ప్రమాదమే లేదని నేను అనను. పాతికేళ్ల లోపు పిల్లలకు మొదలుపెట్టినప్పుడు తొలి వారాల్లో కొందరిలో చావు ఆలోచనలు పెరగొచ్చు. అమెరికాలో 2004లోనే దీనిపై పెద్ద హెచ్చరిక పెట్టించారు, 2007లో దాన్ని 24 ఏళ్ల వయసు దాకా పొడిగించారు. కాబట్టి ఆ వారాల్లో పిల్లల్ని ఒంటరిగా వదలకండి, మాత్రలు మీ దగ్గరే పెట్టుకోండి. భయమేస్తే అర్ధరాత్రయినా టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. మోకాళ్ల నొప్పికి ట్రామడాల్ వాడుతుంటే తప్పక చెప్పండి, ఈ మందులతో కలిస్తే ప్రమాదం. ఈ మందులు వాడే వయసు మళ్లినవాళ్లు తికమకగా మాట్లాడితే సోడియం పరీక్ష చేయించాలి. ఎప్పుడైనా నిద్ర లేకుండా రోజుల తరబడి హుషారుగా, విపరీతంగా ఖర్చుపెడుతూ గడిపి ఉంటే అదీ చెప్పాలి, అప్పుడు చికిత్సే వేరు. ఇక మగవాళ్లు ఎవరికీ చెప్పకుండా మందు మానేసే కారణం ఒకటుంది: లైంగిక ఇబ్బంది. అది మందు వల్ల వచ్చే మామూలు సమస్యే. సిగ్గుపడకుండా చెప్పండి, డోసో మందో మారుస్తాం.

"మందులెందుకు, యోగా చాలదా?" డిప్రెషన్ తక్కువ స్థాయిలో ఉంటే నేనూ మందుతో మొదలుపెట్టను. థైరాయిడ్, బీ12, రక్తహీనత చూస్తాను, నిద్ర, తాగుడు, ఇంట్లో గొడవల గురించి అడుగుతాను, నడకా కౌన్సెలింగూ చెబుతాను. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డాక్టర్లు కాని మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిది విడతల మాటలతో డిప్రెషన్ తగ్గించగలిగారు. 2017లో ఆ ఫలితాలు వచ్చాయి. కానీ వారం రోజులుగా స్నానం చేయని, అన్నం ముట్టని మనిషిని "లేచి సూర్యనమస్కారాలు చెయ్యి" అంటే ఎలా? ఆ మనిషికి ముందు లేవగలిగే ఓపిక రావాలి.

"మూలికలకు సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అనేది ఇంకొకటి. ఆన్‌లైన్‌లో తెప్పించుకునే సెయింట్ జాన్స్ వోర్ట్ గర్భనిరోధక మాత్రల పనిని తగ్గిస్తుంది, మా మందులతో కలిస్తే ప్రమాదం కూడా. షాక్ ట్రీట్‌మెంట్ అనగానే సినిమాలు గుర్తొస్తాయి. కానీ మత్తు ఇవ్వకుండా ఆ చికిత్స చేయడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే నిషేధించింది.

రుమాలు ముడితో వచ్చినామెకు చీటీ వెనక సూర్యుడు, చంద్రుడు గీసి ఇచ్చాను. సూర్యుడి కింద పెద్ద గోలీ, చిన్న డోసుతో మళ్లీ మొదటి నుంచి. చంద్రుడి కింద చిన్న గోలీ. రాసిన రెండు వారాలు దాటి వాడింది కాబట్టి దాన్నీ ఒక్కసారి ఆపించలేదు, రెండు వారాలకోసారి కొంచెం కొంచెం తగ్గిస్తున్నాం. వచ్చే బుధవారం ఆడబిడ్డను కూడా వెంట తీసుకురమ్మన్నాను.