టీ కొట్టు సలహాలు, కోర్టు కాగితాలు: గృహహింస కేసులపై అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో నేను ఎక్కువగా ముద్దాయిల తరఫున కేసులు చూస్తాను. భార్య పెట్టిన కేసుతో వచ్చేవాళ్ళు నా గడప తొక్కేసరికే నలుగురి సలహాలు విని ఉంటారు. ఆ నలుగురిలో ఒకరు పక్కింటి రిటైర్డ్ హోంగార్డు, ఇంకొకరు టీ కొట్టు దగ్గర కలిసిన "కోర్టు సంగతులు తెలిసిన మనిషి". కేసు చేసే నష్టం కన్నా ఈ సలహాలు చేసే నష్టం ఎక్కువని నాకు చాలాసార్లు అనిపించింది.

అపోహ: "498ఏ పెడితే తెల్లారేసరికి లోపలేస్తరు."

498ఏ అంటే భార్యను భర్తో, అత్తింటివాళ్ళో హింసించిన నేరానికి పాత ఐపీసీలో ఉన్న సెక్షన్. ముందుగా, ఆ సెక్షన్ మారింది. 2024 జులై 1 నుంచి జరిగిన వాటికి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 85 వర్తిస్తుంది. అంతకుముందు ఘటనలకు పాత 498ఏ. రెండింట్లోనూ శిక్ష గరిష్ఠంగా 3 ఏళ్ళు, దానికి తోడు జరిమానా. బెయిలు ఇవ్వదగని నేరమే. అంత మాత్రాన ఫిర్యాదు అందగానే సంకెళ్ళు వేయాలని చట్టంలో లేదు. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి గట్టిగా చెప్పింది. అరెస్టు అవసరం లేని చోట పోలీసులు ముందు నోటీసు ఇవ్వాలి. అప్పట్లో దాన్ని 41ఏ నోటీసు అనేవాళ్ళం, ఇప్పుడు అది పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 35(3). నోటీసు ప్రకారం హాజరవుతున్న మనిషిని అరెస్టు చేయాలంటే ఎందుకో రాసిపెట్టాలి. హాజరు కాకుండా తిరిగేవాడి విషయంలో మాత్రం అదే అరెస్టుకు కారణమవుతుంది.

దేవరకొండ వైపు నుంచి పుణె వెళ్ళి మేస్త్రీ పని చేసే ఒకతని కేసు చెబుతాను. నోటీసు ఊరికి వస్తే తల్లి వేలిముద్ర వేసి తీసుకుంది, తీసుకెళ్ళి బియ్యం డబ్బా మీద పెట్టింది. "పండుగకు వస్తడు గదా, అప్పుడు చూద్దాం" అనుకుంది. దోస్తు ఒకడు ఫోన్ చేసి "ఆరు నెల్లు ఊరి మొఖం చూడకు, కేసు చల్లబడ్తది" అన్నాడట. కేసు చల్లబడలేదు. ముందస్తు బెయిలు అడిగిన రోజున పబ్లిక్ ప్రాసిక్యూటర్ నోట వచ్చిన మొదటి మాట "పరారీలో ఉన్నాడు". భార్య చేసిన ఆరోపణలు నిజమా కాదా అన్న ముచ్చట దాకా రావడానికే మాకు రెండు వాయిదాలు పట్టాయి. బియ్యం డబ్బా కథ జడ్జి గారికి విడమరచి చెప్పాల్సి వచ్చింది.

వాట్సాప్‌లో వచ్చిన నోటీసు చెల్లుతుందా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. అలా పంపడం చట్టప్రకారం ఇచ్చినట్టు కాదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా నా సలహా ఒక్కటే: చెల్లదని మురిసిపోయి కూర్చోకండి, వకీలుతో స్టేషన్‌కు వెళ్ళి కాగితం మీద నోటీసు అడిగి తీసుకోండి. ప్రభుత్వ ఉద్యోగులైతే ఇంకా జాగ్రత్త. కస్టడీ 48 గంటలు దాటితే ఉద్యోగంలో సస్పెన్షన్ దానంతట అదే వస్తుంది. ఒక టీచరుకు కేసు కన్నా ఆ టెన్షనే ఎక్కువైంది.

అపోహ: "డీవీసీలో అరెస్టు ఉండదు, కాబట్టి పోకపోయినా ఏం కాదు."

డీవీసీ అంటే గృహహింస చట్టం కింద పెట్టే కేసు. ఈ మాటలో మొదటి సగం దాదాపు నిజం. అందుకే ఇది ప్రమాదకరమైన అపోహ.

2005 గృహహింస చట్టం 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. మెజిస్ట్రేట్ కోర్టులో నడుస్తుంది కాబట్టి అందరూ క్రిమినల్ కేసు అనుకుంటారు గానీ, ఇందులో భార్య అడిగేది ప్రధానంగా రక్షణ, ఇంట్లో ఉండే హక్కు, పోషణ, పిల్లల కస్టడీ, నష్టపరిహారం. ఇది సివిల్ తరహా వ్యవహారమని, ప్రతి వాయిదాకు మనిషే రావాలని పట్టుబట్టనక్కర్లేదని 2015లో గిడుతూరి కేసరి కుమార్ కేసులో మన ఉమ్మడి హైకోర్టు చెప్పింది. సరే. కానీ సమన్లు అందినా మీరు గానీ, మీ వకీలు గానీ రాకపోతే ఎక్స్‌పార్టీ ఉత్తర్వు, అంటే మీ వాదన వినకుండానే ఇచ్చే ఉత్తర్వు, వస్తుంది. పోషణ సాధారణంగా దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్కేయాలని రజనీష్ - నేహా కేసులో 2020లో సుప్రీంకోర్టు అంది. రెండేళ్ళు తప్పించుకు తిరిగి వచ్చినవాడి ముందు 24 నెలల బాకీ ఒక్కసారిగా నిలబడుతుంది. ఉత్తర్వు మీద సెషన్స్ కోర్టులో అప్పీలుకు గడువు 30 రోజులే.

ఇక రక్షణ ఉత్తర్వు వచ్చాక ఆమె పుట్టింటి ముందుకెళ్ళి అరిస్తే అది నేరుగా నేరం. ఏడాది వరకు జైలు లేదా 20,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. "మాట్లాడదామనే పోయిన సార్" అంటారు. రాత్రి పది గంటలకు నలుగురిని వెంటేసుకుని పోయింది మాట్లాడడానికే అని నేను కోర్టును ఎలా ఒప్పించాలి?

అపోహ: "ఇల్లు మా అమ్మ పేరు మీదుంది, భూమి చెల్లె పేరు మీదికి మార్చిన, ఇంకేం చేస్తరు?"

అత్త పేరు మీదున్న ఇల్లయినా భార్య కాపురం చేసిన ఉమ్మడి ఇల్లయితే, అక్కడ నివాసం అడగవచ్చని 2020లో సతీష్ చందర్ అహుజా కేసులో తేలింది. అది యాజమాన్య హక్కు కాదు, ఉండే హక్కు. భూమి సంగతికొస్తే, భూ రికార్డుల పోర్టల్ ధరణి పోయి భూభారతి వచ్చినా రిజిస్ట్రేషన్ తేదీ ఎక్కడికీ పోదు. కేసు పడిన పదిహేను రోజులకు గిఫ్ట్ డీడ్ కనబడితే మీ ఆస్తి, ఆదాయాల అఫిడవిట్‌ను ఎవరు నమ్ముతారు?

అపోహ: "పెద్దమనుషుల ముందు కాయిదం రాసుకున్నం, విడాకులు అయిపోయినయ్."

మన దగ్గర ఇది చాలా లోతుగా పాతుకుపోయింది. వంద రూపాయల స్టాంపు పేపరు, ఇరు పక్షాల సంతకాలు, సర్పంచి సాక్షి, మూడు లక్షలు చేతిలో పెట్టిన ముచ్చట. కొన్ని కులాల్లో ఆచారం ప్రకారం విడాకులు చెల్లుతాయి. అయితే ఆ ఆచారం ఉందని కోర్టులో రుజువు చేయాలి, అదేమంత తేలిక కాదు. మిగతా అందరికీ ఆ కాగితంతో పెళ్ళి రద్దు కాదు. దాన్ని నమ్ముకుని రెండో పెళ్ళి చేసుకున్నవాడు ఇంకో కేసు తెచ్చుకున్నట్టే. అయితే ఆ కాగితాన్ని పారేయకండి. డబ్బు ఇచ్చినట్టు, ఎప్పటి నుంచి వేరుగా ఉంటున్నారన్నట్టు చూపించడానికి పనికొస్తుంది. ఇకముందు డబ్బు ఇస్తే మాత్రం బ్యాంకు ద్వారానే ఇవ్వండి.

అపోహ: "ఇంటిల్లిపాది పేర్లు రాసింది, అందరం పోయినట్టే."

పోరు. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో చెప్పకుండా గంపగుత్తగా అత్తింటివాళ్ళందరి మీద పెట్టిన కేసులను సుప్రీంకోర్టు 2022లో కహకషాన్ కౌసర్ కేసులో కొట్టేసింది. 2024 డిసెంబర్‌లో మన తెలంగాణ నుంచే వెళ్ళిన దారా లక్ష్మీనారాయణ కేసులోనూ అదే దారి. పెళ్ళయి మిర్యాలగూడలో ఉంటున్న ఆడబిడ్డ ఆ రోజు నకిరేకల్‌లో లేదని చూపించే కాగితం వెతకండి: హాజరు పట్టీ, ఆసుపత్రి చీటీ, బస్సు టికెట్టయినా సరే. ఫోన్‌లో ఉన్న మెసేజీలకు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ (అవి ఏ ఫోన్ నుంచి, ఎలా తీశారో ధ్రువీకరించే కాగితం) కావాలి. స్క్రీన్‌షాట్ తీసి ఫోన్ అమ్మేసినవాళ్ళు ఉన్నారు, అలా చేయకండి.

అపోహ: "ఈ కేసులన్నీ అబద్ధాలే సార్."

నేను ముద్దాయిల వకీలునే గానీ ఈ మాట ఒప్పుకోను. కేసు కొట్టేశారంటే రుజువు కాలేదని. అబద్ధమని ప్రతిసారీ కాదు. కొట్టిన సంగతి నాకు చెప్పకుండా దాచి, ప్రభుత్వ ఆసుపత్రి గాయాల సర్టిఫికెట్ చార్జిషీట్‌లో బయటపడ్డాక నా ముఖం చూడలేకపోయినవాళ్ళు ఉన్నారు. నిజం ముందే చెబితే కాపాడుకునే దారి వేరుగా ఉంటుంది. చాలాసార్లు అది మర్యాదైన రాజీ దారి.

అపోహ: "రాజీ అయితే కేసు దానంతటదే పోతది."

పోదు. పాత 498ఏ కేసులకు ఉమ్మడి రాష్ట్రం 2003లో తెచ్చిన సవరణ ఉంది. కోర్టు అనుమతితో భార్య రాజీ పడవచ్చు, దరఖాస్తు పెట్టాక 3 నెలలు ఆగాలి. ఆ లోపు ఎవరు వెనక్కి తగ్గినా కుదరదు. సెక్షన్ 85 కేసులకు మామూలుగా హైకోర్టులో నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 528 కింద కొట్టివేత పిటిషన్ వేస్తాం. ఈ పని పూర్తి కాకుండానే వాయిదాలకు రావడం మానేసి, మూడేళ్ళకు వారంటుతో పట్టుబడిన జంటను చూశాను. అప్పటికి వాళ్ళు కలిసే కాపురం చేస్తున్నారు. వారంటు రద్దు చేయించుకోవడానికి ఆమే అతన్ని బండి మీద కూర్చోబెట్టుకుని కోర్టుకు తీసుకొచ్చింది.