1852లో వానలో దొరికింది, 1999లో ఒప్పందానికెక్కింది: గాలి కాలుష్యంలో అమ్మోనియా పాత్ర

చలికాలంలో గాలి బాగా చెడిన రోజున ఫిల్టర్ మీద చేరిన పీఎం 2.5 ధూళిని (2.5 మైక్రాన్లు, అంతకన్నా సన్నని రేణువులను) ప్రయోగశాలలో విడగొట్టి చూస్తే మసి, మట్టి రేణువులతో పాటు రెండు లవణాలు తరచూ పెద్ద పాళ్లలో కనిపిస్తాయి. ఒకటి అమ్మోనియం సల్ఫేట్, రెండోది అమ్మోనియం నైట్రేట్. వీటిలో చాలా భాగం ఏ పొగగొట్టం నుంచీ, ఏ వాహనం నుంచీ ఈ రూపంలో బయటికి రాలేదు. గాలిలోనే తయారైంది. ఆమ్లం బొగ్గు నుంచి, ఇంజిన్ల నుంచి వస్తే, దాన్ని లవణంగా మార్చే క్షారం ఎక్కువగా పొలాల నుంచి, పశువుల కొట్టాల నుంచి వస్తుంది. ఆ క్షారమే అమ్మోనియా. వంద సంవత్సరాలకు పైగా చట్టాలన్నీ ఆమ్లం వెంటే పరుగెత్తాయి. అమ్మోనియాను పట్టించుకోకపోవడం వల్ల జరిగిన నష్టాన్ని ఇప్పటికీ భరిస్తున్నాం.

దాని జాడ మొదట్లోనే దొరికింది. 1852లో రాబర్ట్ ఆంగస్ స్మిత్ అనే రసాయన శాస్త్రవేత్త ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ చుట్టుపక్కల వాన నీటిని పరీక్షించి మూడు రకాల గాలిని గుర్తించాడు. ఊరికి దూరంగా పొలాల్లో అమ్మోనియం కార్బనేట్, శివార్లలో అమ్మోనియం సల్ఫేట్, నగరం నడుమ గంధకామ్లం. పొలాల మీది అమ్మోనియా, నగరం నుంచి వచ్చే ఆమ్లం శివార్లలో కలుసుకుని లవణమవుతున్నాయని దీని అర్థం. ఈ రోజు కంప్యూటర్ నమూనాలు చెప్పేది కూడా సారాంశంలో ఇదే. ఆ పరిశీలనకు అప్పుడే దక్కవలసిన విలువ దక్కలేదన్నది నా గట్టి అభిప్రాయం.

స్మిత్‌కు ఆ తర్వాత వచ్చిన పని వేరు. సోడా తయారీకి ఉప్పు మీద గంధకామ్లం పోసే లెబ్లాంక్ కర్మాగారాలు హైడ్రోక్లోరిక్ ఆమ్ల వాయువును నేరుగా గాలిలోకి వదిలేవి. 1863 నాటి బ్రిటన్ ఆల్కలీ చట్టం ఆ వాయువులో 95 శాతాన్ని పట్టుకోవాలని ఆదేశించింది. స్మిత్ మొదటి ఇన్‌స్పెక్టర్ అయ్యాడు. వాయువును పైనుంచి జారే నీటితో కడిగే గోపురాలు అప్పటికే ఉన్నాయి కాబట్టి పని తేలికగానే జరిగింది. అయితే గోపురం కింద చేరిన ఆమ్ల జలం చాలాచోట్ల వాగుల్లోకి పోయింది. గాలిలోని బెడద నీళ్లలోకి మారింది.

1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్‌ను పట్టిన పొగమంచుకు నాలుగు వేల మంది చనిపోయారని అప్పట్లో లెక్కగట్టారు. తర్వాతి అధ్యయనాలు ఆ సంఖ్యను పన్నెండు వేల దాకా తీసుకెళ్లాయి. చల్లని గాలి నేలను అంటిపెట్టుకోగా, పైన వెచ్చని గాలి మూతలా నిలిచింది. ఇళ్లలోనూ విద్యుత్ కేంద్రాల్లోనూ మండిన బొగ్గు నుంచి వచ్చిన సల్ఫర్ డయాక్సైడ్ మంచు బిందువుల్లో కరిగింది. అదే మంటల నుంచి వచ్చిన నైట్రోజన్ డయాక్సైడ్ దాన్ని సల్ఫేట్‌గా మార్చిందని 2016లో వెలువడిన పరిశోధన చూపింది. బిందువులు పెద్దవిగా ఉన్నంతసేపు ఆమ్లం పలచగా ఉంటుంది. ఎండ తగిలి నీరు ఆవిరయ్యేకొద్దీ అదే ఆమ్లం చిక్కబడి, చిన్న కణంగా ఊపిరితిత్తుల లోపలికి చేరుతుంది.

ఇక్కడ ఒక రసాయన సూత్రాన్ని గుర్తుంచుకోవాలి. బిందువు ఆమ్లంగా మారేకొద్దీ అందులో కరిగే సల్ఫర్ డయాక్సైడ్ తగ్గుతుంది, అంటే ఈ చర్య తనను తానే నెమ్మదింపజేసుకుంటుంది. అమ్మోనియా అందులో చేరితే పీహెచ్ (ఆమ్లత తగ్గేకొద్దీ పెరిగే కొలత) పెరిగి కరగడం మళ్లీ సాగుతుంది. ఆమ్లాన్ని తటస్థం చేస్తుంది కదా, మంచిదే అనుకోవడం పొరపాటు. అది కణాల బరువును పెంచుతుంది.

1956 నాటి బ్రిటన్ స్వచ్ఛ గాలి చట్టం నల్ల పొగను అదుపు చేసింది, కొత్త పొగగొట్టాల ఎత్తుకు ముందుగా అనుమతి తీసుకోవాలంది. ఎత్తు పెంచితే దగ్గరి ఊళ్లకు ఊరట దొరుకుతుంది. కెనడాలోని సడ్‌బరీలో 1972లో 381 మీటర్ల గొట్టం లేచింది. కానీ పైకి పోయిన వాయువు పగటి గాలిలో గంటకు ఒక శాతం అటూఇటుగా, మేఘంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ దొరికితే అంతకన్నా ఎంతో వేగంగా సల్ఫేట్‌గా మారుతుంది, రోజుల తరబడి ప్రయాణిస్తుంది. శుభ్రమైన వాన పీహెచ్ సుమారు 5.6. అది 4.6కు దిగితే ఆమ్లత పది రెట్లయినట్టు. నీటి పీహెచ్ 5 కన్నా తగ్గితే నేలలోని అల్యూమినియం కరిగి చెరువుల్లోకి వచ్చి చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. 1960ల చివర స్వీడన్ శాస్త్రవేత్త స్వాంతే ఒదెన్ ఈ ఆమ్లం సరిహద్దులు దాటి వస్తోందని చూపాడు. 1979లో సరిహద్దులు దాటే గాలి కాలుష్యంపై జెనీవా ఒప్పందం, 1985లో హెల్సింకీలో గంధకాన్ని 30 శాతం తగ్గించే ప్రోటోకాల్ వచ్చాయి.

పొగలోని గంధకాన్ని పట్టుకునే విధానం సూటిగానే ఉంటుంది. ఒక శాతం గంధకమున్న టన్ను బొగ్గు కాలితే సుమారు 20 కిలోల సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. దానికి 31 కిలోల సున్నపురాయి పొడి నీటిలో కలిపి చల్లితే 54 కిలోల జిప్సం వస్తుంది. సున్నపు బురద పీహెచ్‌ను 5, 6 మధ్య నిలపాలి. తగ్గితే వాయువు సరిగా కరగదు, పెరిగితే సున్నపురాయి కరగదు. తగినంత గాలి ఊదకపోతే జిప్సం బదులు ఆరబెట్టడానికి లొంగని కాల్షియం సల్ఫైట్ బురద మిగులుతుంది. ఆ 20 కిలోలను వదిలేస్తే మాత్రం, 10 కిలోలకు పైగా అమ్మోనియాను కలుపుకుని 41 కిలోల అమ్మోనియం సల్ఫేట్ కాగలదు.

లాస్ ఏంజెలెస్‌ది మరో దారి. 1943 జులైలో అక్కడ కళ్లు మండించిన పొగకు మొదట ఒక రబ్బరు ముడిసరుకు కర్మాగారాన్ని తప్పుపట్టారు. దాన్ని మూసినా పొగ తగ్గలేదు. పైనాపిల్ వాసనలను విశ్లేషిస్తూ వచ్చిన రసాయన శాస్త్రవేత్త ఆరీ హాగెన్-స్మిట్ 1950ల మొదట్లో అసలు కారణం తేల్చాడు. పెట్రోలు ఆవిర్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్‌ను తయారు చేస్తున్నాయి. ఇదే గొలుసులో నైట్రోజన్ డయాక్సైడ్, గాలిలో చురుగ్గా చర్య జరిపే హైడ్రాక్సిల్ అనే కణంతో కలిసి నైట్రిక్ ఆమ్లమవుతుంది. అమ్మోనియం నైట్రేట్‌కు ఆమ్లం ఇక్కడి నుంచే వచ్చింది.

దీనికి మందుగా 1980లలో నిలదొక్కుకున్న త్రీవే ఉత్ప్రేరక కన్వర్టర్ (పెట్రోలు వాహనాల పొగను శుభ్రపరిచే పరికరం), గాలి పెట్రోలు నిష్పత్తి 14.7కు ఒకటి దగ్గర ఉన్నప్పుడే బాగా పనిచేస్తుంది. పెట్రోలు పాలు పెరిగితే అది నైట్రోజన్ ఆక్సైడ్‌ను అమ్మోనియాగా మార్చేస్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి డీజిల్ వాహనాల్లో 32.5 శాతం యూరియా ద్రావణం చల్లే పద్ధతిలోనూ, విద్యుత్ కేంద్రాల్లో 300 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ మధ్య అమ్మోనియా చల్లే పద్ధతిలోనూ మోతాదు మించితే మిగిలిన అమ్మోనియా బయటికి పోతుంది. ఉష్ణోగ్రత తగ్గితే అమ్మోనియం బైసల్ఫేట్ జిగురులా పట్టుకుని మార్గాలు మూసుకుపోతాయి. ఒక కాలుష్యం మీద గెలుపు మరొకదానికి ముడిసరుకు ఇవ్వడమంటే ఇదే.

అసలు చిక్కు లెక్కలో ఉంది. ఒక సల్ఫేట్‌కు రెండు అమ్మోనియాలు కావాలి. గంధకాన్ని అదుపు చేయగా 132 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్ తగ్గితే విడుదలైన అమ్మోనియా, నైట్రిక్ ఆమ్లం దొరికితే, 160 గ్రాముల అమ్మోనియం నైట్రేట్‌ను తయారు చేయగలదు. చల్లదనం, తేమ ఉంటేనే ఇది నిలుస్తుంది కాబట్టి చలికాలం రాత్రుల్లో ఎక్కువ. గంధకం తగ్గించడం వృథా అని దీని అర్థం కాదు, ఆమ్ల వాన తగ్గింది, ప్రాణాలు నిలిచాయి. గంధకం, నైట్రోజన్ ఆక్సైడ్లు, అమ్మోనియా మూడూ ఒకేసారి తగ్గాలన్నదే దీని అర్థం.

1999లో అదే జెనీవా ఒప్పందం కింద వచ్చిన గోథెన్‌బర్గ్ ప్రోటోకాల్ గంధకం, నైట్రోజన్ ఆక్సైడ్లు, ఆవిరయ్యే కర్బన పదార్థాలతో పాటు అమ్మోనియాకూ పరిమితి పెట్టింది. స్మిత్ వాన నీరు పట్టి 147 ఏళ్లు గడిచాయి. ఈ మధ్యలో 1913లో మొదలైన పారిశ్రామిక అమ్మోనియా తయారీ పొలాల మీది నత్రజనిని ఎన్నో రెట్లు చేసింది.

పొలంలో చేయగలిగింది చాలా ఉంది. యూరియాలో 46 శాతం నత్రజని. నేల పైన చల్లి వదిలేస్తే నేలలోని యూరియేజ్ ఎంజైమ్ దాన్ని అమ్మోనియాగా విడగొడుతుంది. వేడి, గాలి, క్షార నేల దాన్ని ఎగరగొడతాయి. చల్లిన వెంటనే మట్టిలో కలిపినా, తడిపి లోపలికి దింపినా నష్టం బాగా తగ్గుతుంది. పశువుల కొట్టంలో మూత్రాన్ని పేడ నుంచి వేగంగా వేరుచేయాలి. యూరియా మూత్రంలో ఉంటే, యూరియేజ్ పేడలో ఉంటుంది.

కొలతలోనూ ఒక లోటు ఉంది. అమ్మోనియం నైట్రేట్ వేడికి మళ్లీ వాయువులుగా విడిపోతుంది. టెఫ్లాన్ ఫిల్టర్ మీద చేరిన నైట్రేట్‌లో కొంత భాగం వేసవిలో తూకానికి ముందే ఎగిరిపోతుంది. అందుకే నైట్రేట్‌ను నిఖార్సుగా కొలవాలంటే ముందు వాయురూప నైట్రిక్ ఆమ్లాన్ని ఆపే డెన్యూడర్ గొట్టం పెట్టి, వెనుక నైలాన్ ఫిల్టర్ వాడతారు. పాత రికార్డులను ఇప్పటి వాటితో పోల్చేవారు ముందుగా ఏ ఫిల్టర్ వాడారో చూసుకోవాలి.