నొప్పి తగ్గిన పన్నే చూపించుకోవాలి

నాలుగు రోజులు ప్రాణం తీసిన పన్ను ఐదో రోజు దానంతటదే ఊరుకుంటే, ఇంక డాక్టరెందుకంటారు. సరిగ్గా అప్పుడే వెళ్లాలి. ఎందుకంటారా? వాచిన వేలికి బిగుసుకుపోయిన ఉంగరాన్ని తలుచుకోండి.

దోమ కుట్టిన చోట చర్మం పొంగుతుంది, దానికి చోటుంది కాబట్టి. పంటి లోపలి గుజ్జుకు ఆ చోటు లేదు. నరాలూ రక్తనాళాలూ నిండిన ఆ గుజ్జు ఒక్కో పంటిలో సగటున 0.02 మిల్లీలీటరు, నీటిబొట్టులో సగం కూడా కాదు. చుట్టూ ఎముక కన్నా గట్టి గోడ. పిప్పి తొలిచి గుజ్జు వాచినా గోడ సాగదు, ఆ ఒత్తిడంతా నరం మీదే. పడుకుంటే తలలో రక్తపు ఒత్తిడి పెరిగి ఉంగరం ఇంకాస్త బిగుస్తుంది. పగలు ఊరుకున్న పన్ను రాత్రి నిద్ర లేపేది అందుకే.

చన్నీళ్లు పుక్కిలించి ఉమ్మి, సెకన్లు లెక్కపెట్టండి. గుజ్జు చుట్టూ ఉన్న ఆ గట్టి గోడలో చదరపు మిల్లీమీటరుకు 20,000కు పైగా సన్నటి గొట్టాలుంటాయి. చలికి వాటిలోని ద్రవం కదిలి నరాన్ని లాగుతుంది, జివ్వుమంటుంది. రెండు మూడు సెకన్లలో పోతే గుజ్జు బాగానే ఉన్నట్టు, చాలాసార్లు ఫిల్లింగుతో సరిపోతుంది. 30 సెకన్లు దాటినా సలుపు ఆగకపోతే అది కోలుకోవడం కష్టం. నిన్నటి చేపల పులుసు చల్లగా తింటే హాయిగా ఉండి, వేడి చేస్తే పోటెత్తిందా? ఇక రూట్ కెనాలో, పీకడమో.

రక్తం ఆగిన వేలు మొద్దుబారుతుంది. నొప్పి తగ్గిన పన్నూ అంతే, చాలాసార్లు లోపల గుజ్జు చచ్చిపోయి ఉంటుంది. ఆ తర్వాత చీము వేరు కొస దాటి దవడ ఎముకలోకి దిగుతుంది. నమిలితే ఆ పన్ను ఎత్తుగా తగులుతుంది, చిగురు మీద పొక్కు లేచి చితుకుతుంది. మెడికల్ షాపులో కొన్న యాంటీబయోటిక్ అక్కడ పనిచేయదు. మందును మోసుకెళ్లేది రక్తం, చచ్చిన గుజ్జుకు రక్తమే అందదు.

లవంగ నూనె కాసేపు మొద్దుబారుస్తుంది, అంతే. దూది మీద ఒక చుక్క చాలు, చిగురుకు తగిలితే కాలుతుంది. యాస్పిరిన్ మాత్ర బుగ్గన పెట్టుకున్నా పుండే. వాకుడు గింజల పొగ పడితే పురుగులు రాలతాయంటారు, రాలడానికి పంటిలో పురుగులేమీ ఉండవు. పై పన్ను పీకితే చూపు పోతుందన్న భయమూ ఉత్తదే, కంటిచూపు నరం దారి వేరు.

దవడ కింద వాపు, జ్వరం, నోట్లో రెండు వేళ్లు పట్టకపోవడం, మింగలేకపోవడం, ఊపిరాడకపోవడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. నెల్లూరో ఒంగోలో పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి. నడిస్తే దవడ లాగి, చెమటలు పడితే అది గుండె కావచ్చు.

కనిగిరి వైపు ఫ్లోరైడు నీళ్లతో వచ్చే గోధుమరంగు మచ్చలు వాటంతటవి పోటు పెట్టవు. అలాంటి పన్ను రాత్రిళ్లు సలుపుతుంటే నీళ్లను తిట్టుకుని ఊరుకోక, పిప్పి ఉందేమో ఎక్స్‌రే తీయించండి.